కొండ ఊడ్చే వేళ

మంగళవారం, గురువారం
లిఫ్టు ఆగిపోయాక మొదలవుతుంది మా బడి.
ఫ్లడ్‌లైట్ల కింద మంచు నీలంగా ఉంటుంది.
లేక్ సుపీరియర్ మీంచి వచ్చే గాలికి
ముక్కులో వెంట్రుకలు కూడా బిర్రబిగుస్తాయి.

రాగి గనులు మూతపడ్డ ఊరు మాది.
మిగిలింది ఈ పొట్టి కొండ, రెండు లిఫ్టులు,
నేర్చుకోవడానికి వచ్చిన మేం నలుగురం:
స్కూలు బస్సు నడిపే నేను
(యాభై రెండేళ్ళు, మొరాయించే మోకాలు ఒకటి),
కలప మిల్లులో రాత్రి షిఫ్టు ఆర్విడ్,
పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే లూసెట్,
పంతొమ్మిదేళ్ళ బ్రైసన్. వాడికి అన్నీ వచ్చు, వినడం తప్ప.

నేర్పేది రెయినో కంగాస్. డెబ్బై ఒకటి.
నలభై శీతాకాలాలుగా ఈ కొండకి కూలి లేని కాపలా.
"ఏమిస్తారు మనకి?" అని బ్రైసన్ అడిగితే
గరిటె ఎత్తి చూపించాడు.
"గురువారాలు బఠానీ సూపు."

మొదటి నెల స్కీలే తొడగలేదు.
గుడిసెలో నేలమీద కూర్చుని
బాగున్న కాళ్ళకి కట్లు కట్టుకున్నాం.
లూసెట్ నా కాలికి చుట్టింది చూసి
"ఇది కాలా, పార్సిలా?" అన్నాడు.
విప్పు. మళ్ళీ కట్టు.
వేళ్ళ రంగు చూడు. కదపమను.
ముట్టుకుంటే తెలుస్తోందేమో అడుగు.
వీటన్నిటికంటే ముందు
పేరడుగు.
ఎముక ఎక్కడికీ పోదు, మనిషే
భయంలో ఎటో వెళ్ళిపోతాడు.

తర్వాత స్లెడ్జి బండి.
ఖాళీ బండి మాట వినదు,
మనిషి ఎక్కాకే దానికి బుద్ధొస్తుంది.
ముందు రెండు కర్రల మధ్య నేను,
వెనక తాడు పట్టుకుని ఆర్విడ్.
మూడో మలుపులో నేను పడ్డాను,
బండి నా మీదుగా వెళ్ళింది,
ఆర్విడ్ బండి మీదుగా.
రెయినో నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు.

ఒక రాత్రి అన్నాడు:
"మొయ్యడం కాదు. ఇవాళ బరువవ్వండి."
గడ్డం దాకా టార్పాలిన్ కప్పి
పట్టీలు బిగించి పడుకోబెట్టారు నన్ను.
ఆకాశం, బ్రైసన్ వీపు, అంతే.
అంచులు మంచుని గీకే చప్పుడు చెవి కిందే.
ఇరవై మూడేళ్ళుగా నలభై మంది పిల్లల్ని
వెనక కూర్చోబెట్టుకుని నడిపాను.
వెనక ఉండడం ఎలా ఉంటుందో
ఆ రాత్రి తెలిసింది.
"ఏదో ఒకటి మాట్లాడరా అబ్బాయ్" అన్నాను.
కాసేపటికి, గొంతు వణుకుతుండగా,
"ఎడమకి తిప్పుతున్నా," అన్నాడు.
"ఇప్పుడొక గతుకు. అదిగో, అయిపోయింది."
వాడు వినడం నేర్చింది కూడా అప్పుడేనేమో.

ఫిబ్రవరి పరీక్షలో నేను తప్పాను.
ఆర్విడ్‌కి షిఫ్టు మారింది, రావడం మానేశాడు.
మార్చిలో మళ్ళీ దిగాను, గతుకుల మీద, నోరు మూసుకుని,
మోకాలిని మనసులో తిట్టుకుంటూ.
రెయినో ఎర్ర జాకెట్టు ఒకటి తెచ్చిచ్చాడు.
చేతులు పొడుగు, ఎవరిదో పాత చెమట వాసన.
కాలరు లోపల పెన్నుతో మూడు పేర్లు,
మూడూ కొట్టేసి ఉన్నాయి.
ఎందుకని అడగలేదు. నాలుగోది రాసుకున్నాను.

మొదటి పిలుపు, పిల్లల వాలు మీద.
మణికట్టు పట్టుకుని బిక్కమొహంతో కూర్చున్న పిల్ల
నా బస్సులో మూడో సీటు.
"నీ పేరేంటమ్మా?"
"మార్లిస్, నీకు తెలుసుగా!"
"తెలుసు. అయినా నువ్వు చెప్పు."
చెప్పింది.
చెబుతూ చెబుతూ ఏడుపు ఆపింది.

సాయంత్రం నాలుగున్నరకి
కొండ ఊడుస్తాం. చీపుర్లతో కాదు.
ఒక్కో దారికి ఒక్కొక్కళ్ళం,
అందరికంటే చివర దిగుతూ
మలుపు మలుపులో ఆగి
అరుస్తాం, "ఎవరైనా ఉన్నారా?"
లోకంలో ఎవరు ఎవర్ని పిలిచినా
బదులు రావాలనే పిలుస్తారు.
మేం మాత్రం రాకూడదని పిలుస్తాం,
వస్తే వినపడాలని ఊపిరి బిగబట్టుకుంటాం.

ఇవాళ రెండో మలుపు దగ్గర
అరిచి, టోపీ చెవుల పైకి లాగి, నిలబడ్డాను.
చెట్ల లోపల ఎక్కడో
ధబ్బుమని మెత్తగా ఏదో పడింది.
స్ప్రూస్ కొమ్మ మీది మంచే అయుంటుంది.
తెలుసు.

అయినా వెళ్ళి చూసొచ్చాను.